పదకొండు దగ్గర ఆగిపోయే కాపీ



పెళ్లిళ్ల రోజుల్లో మన ఊళ్లలో ఫొటో స్టూడియోల లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. ముహూర్తం అయిపోయాక కెమెరామెన్లు మెమరీ కార్డులు తెచ్చి ఎడిటర్ చేతిలో పెడతారు. పెళ్లికూతుర్ని చేయడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి 200 గిగాబైట్లు అయ్యాయంటే ఇవాళ ఎవరూ ఆశ్చర్యపోరు. అవన్నీ స్టూడియోలో ఓ మూలనున్న స్టోరేజ్ సర్వర్‌లోకి ఎక్కాలి. దాన్నే నాస్ అంటున్నారు. రెండో నాలుగో హార్డ్‌డిస్కులు, ఒక చిన్న ప్రాసెసర్, వెనకాల లాన్ పోర్టు, ఇంతే ఆ పెట్టె. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు, వీడియో కట్ చేసేవాళ్లు, ప్రింటింగ్‌కి పంపేవాళ్లు అందరూ అందులోంచే ఫైళ్లు తెరుచుకుంటారు. స్కానింగ్ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో, పత్రికల డెస్కుల్లో కూడా ఇదే ఏర్పాటు.

లైను బాగుంటే 200 గిగాబైట్లు అరగంటలో ఎక్కుతాయి. నేను చూసిన చాలాచోట్ల అయిదు గంటలు పడుతోంది. ఎడిటర్ కాపీ పెట్టి పడుకుంటాడు, లేచి చూస్తే ఇంకా సగమే అయి ఉంటుంది. నాలుగు రోజులు అలా విసిగాక యజమాని ‘ఈ పెట్టె పాతదైపోయింది’ అని తేల్చేసి అప్పుచేసి కొత్తది కొంటాడు. కొత్తదానికీ అవే అయిదు గంటలు. ఎందుకంటే తప్పు పెట్టెలో లేదు, గుమ్మం కింద నలిగిన ఒక తీగలో ఉంది. కష్టపడి సంపాదించుకున్న డబ్బు ఇలా పోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. కాపీ జరుగుతున్నప్పుడు తెర మీద కనిపించే అంకెను చదవడం వస్తే ఆ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. ఈ పూట మీతో చెప్పదలుచుకున్నది ఆ అంకె గురించే.

ముందు ఒక చిన్న లెక్క. కేబుళ్లు, ఆ కేబుళ్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెలు, ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మేవాళ్లు వేగాన్ని బిట్లలో చెబుతారు. కంప్యూటర్ ఫైలు కాపీ చేసేటప్పుడు బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంచేత ఒక గిగాబిట్ లైను అంటే సెకనుకి 125 మెగాబైట్లు. దారిలో చిరునామాలు రాసుకోవడానికి, అందిందీ లేనిదీ చెప్పుకోవడానికి కొంత పోతుంది గనక చేతికి 110, మహా అయితే 117 వస్తుంది. 100 మెగాబిట్ లైను అంటే పన్నెండున్నర మెగాబైట్లు. అందులోనూ కాస్త పోగా 11 మిగులుతుంది.

ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. మీ కాపీ 11 దగ్గర స్థిరంగా, పైకీ కిందికీ కదలకుండా నిలబడిందంటే ఎక్కడో ఒకచోట గిగాబిట్ అనుకున్న లైను 100 మెగాబిట్‌కి దిగిపోయిందని అర్థం. ఇది ఊహతో చెప్పే మాట కాదు. అలసిపోయిన హార్డ్‌డిస్కు, చాలని ప్రాసెసర్ అంత నిలకడగా ఒకే అంకె చూపించవు. అలాగే 35, 40 మధ్య ఆగిందా, యూఎస్‌బీ వైపు చూడండి. యూఎస్‌బీ 2 కాగితం మీద 480 మెగాబిట్లు, పనిలో 35, 40 మెగాబైట్లు. కార్డ్ రీడర్ పాత పోర్టులో గుచ్చారేమో, వైరు పాతదేమో. ఆ నెమ్మదికీ నాస్‌కీ సంబంధమే లేదు, ఇవతలి ఒడ్డునే ఆగింది. ఇక 110 దాటి వస్తుంటే మీ గిగాబిట్ లైను ఇవ్వగలిగినదంతా ఇస్తోంది. దాన్ని బాగుచేయడానికి ఏమీ లేదు. ఇంకా వేగం కావాలంటే 2.5 గిగాబిట్ స్విచ్, దానికి తగిన లాన్ కార్డులు వేసుకోవాలి. నాస్‌లో కూడా అలాంటి పోర్టు ఉండాలి. ఆ ప్రమాణం 2016లో వచ్చింది. గోడలో ఉన్న క్యాట్ 5ఈ కేబుల్ బాగుంటే దాని మీదే నడుస్తుంది, గోడలు తవ్వక్కర్లేదు.

11 సంగతి కొంచెం వివరంగా చెబుతాను. నేను వెళ్లిన చోట్ల ఎక్కువసార్లు కనబడింది అదే.

లాన్ కేబుల్ ఒలిచి చూస్తే ఎనిమిది తీగలుంటాయి. రెండేసి మెలివేసి నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100 మెగాబిట్‌కి నారింజ, ఆకుపచ్చ జతలు రెండూ చాలు. కనెక్టర్‌లో 1, 2, 3, 6 పిన్నులు అవే. నీలం, గోధుమ జతలు ఊరికే ఉండేవి. వాటిని ఇంటర్‌కమ్‌కి, కెమెరాకి కరెంటు ఇవ్వడానికి వాడుకున్న ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. 1999లో రాగి తీగ మీద గిగాబిట్ ప్రమాణం వచ్చాక నాలుగు జతలూ కావలసివచ్చింది. ఎనిమిదింటిలో ఒక్క తీగ తెగినా, ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా గిగాబిట్ కుదరదు. తెగింది నీలం, గోధుమ జతల్లోదైతే, చాలా లాన్ చిప్‌లు రెండు మూడుసార్లు ప్రయత్నించి చూసి 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, ఇంటర్నెట్ వస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. ఎక్కడా ఎర్రర్ రాదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

తీగ తెగడానికి కారణాలు మన కళ్ల ముందే ఉంటాయి. తలుపు కింద నుంచి లాగిన కేబుల్ రోజూ నలుగుతుంది. ఫాల్స్ సీలింగ్‌లో ఎలుకలు కొరుకుతాయి. క్రింప్ చేసేటప్పుడు తీగలు చివరిదాకా వెళ్లకుండానే నొక్కేస్తారు. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్ల మీద మకిలి పడుతుంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది నాసిరకం కేబుల్. అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి పూత పూసి క్యాట్ 6 అని ముద్రవేసి అమ్ముతున్నారు. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిసిందంటే అది అల్యూమినియమే. రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. పైగా ఈథర్‌నెట్ ప్రమాణాలు ఒప్పుకునేది రాగినే. కొనేటప్పుడు మీటరుకి కొన్ని రూపాయలు మిగులుతాయి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు రోజూ గంటలు పోతాయి.

చూసుకోవడం ఎలాగంటే, విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో ఈథర్‌నెట్ వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000 అని ఉండాలి. 100 అని ఉంటే అక్కడే దొరికింది. నాస్ వైపు కూడా దాని అడ్మిన్ పేజీలో ఇదే అంకె చూడాలి. ఇటువైపు 1000 ఉండి అటువైపు 100 ఉంటే, స్విచ్‌కీ నాస్‌కీ మధ్య ఉన్న కేబుల్‌ని ముందు అనుమానించాలి. మంచిదని తెలిసిన కేబుల్ ఒకటి దగ్గర పెట్టుకొని, దాన్ని నేల మీదే పరిచి రెండు చివర్లూ గుచ్చి చూడండి. పది నిమిషాల పని.

కేబుల్ బాగానే ఉన్నా 11 రావడానికి ఇంకో కారణం ఉంది. ఫైబర్ ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చే పెట్టెకు వెనక నాలుగు పోర్టులుంటాయి. కొన్ని మోడళ్లలో వాటిలో ఒక్కటే గిగాబిట్, తక్కినవి 100. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. నాస్‌ని, కంప్యూటర్లని తీసుకెళ్లి ఆ పెట్టెకే తగిలిస్తారు. ఒక చిన్న గిగాబిట్ స్విచ్ కొని అందరినీ దానికి కలిపి, ఇంటర్నెట్ పెట్టెకు ఒక్క తీగ వేస్తే ఫైళ్లు ఆ పెట్టె ముఖం చూడకుండానే తిరుగుతాయి.

పాత ఆఫీసుల్లో మరో మొండి జబ్బు ఉండేది. ఎవరో ఎప్పుడో స్విచ్ పోర్టును ‘100 ఫుల్ డూప్లెక్స్’ అని చేత్తో బిగించి పెడతారు. అవతలి కంప్యూటర్ ఆటోలో, అంటే తనంతట తానే కుదుర్చుకునేలా ఉంటుంది. ఆటోలో ఉన్నదానికి వేగం తెలుస్తుంది గానీ అవతలివాడు ఒకేసారి మాట్లాడతాడూ వింటాడూ అన్న సంగతి తెలియదు. తెలియనప్పుడు హాఫ్, అంటే ఒకసారికి ఒకరే మాట్లాడాలి అనుకోమని ప్రమాణమే చెబుతుంది. ఒకరు ఆగి మాట్లాడతారు, ఇంకొకరు ఆగకుండా మాట్లాడతారు. పింగ్ అనే చిన్న పలకరింపు పంపితే చక్కగా బదులు వస్తుంది. పెద్ద ఫైలు పెడితే మాత్రం 11 కూడా రాదు, ఒకటో అరో మెగాబైటుకు పడిపోతుంది. రెండువైపులా ఆటోలో వదిలేయడమే దీనికి మందు.

వైఫై గురించి రెండు మాటలే. ల్యాప్‌టాప్ చూపించే లింక్ వేగంలో సగం అందితే మంచి రోజు అనుకోవాలి. గదిలో ఉన్నవాళ్లందరూ ఒకే గాలిని పంచుకుంటున్నారు. వీడియో ఎడిట్ చేసే కంప్యూటర్‌కి తీగ వేయండి.

ఇప్పుడు లింక్ స్పీడ్ 1000 అనే ఉంది, అయినా కాపీ నడవడం లేదనుకుందాం. తప్పు దారిదా, డిస్కుదా తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది అన్నీ ఒకేసారి మార్చేస్తారు, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. దీనికి ఐపెర్ఫ్ 3 అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది. అమెరికాలో పరిశోధనా సంస్థలను కలిపే ఈఎస్‌నెట్ వాళ్లు తయారుచేసింది. నాస్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి నడిపితే ఆ మెమరీలోంచి ఈ మెమరీలోకి దత్తాంశాన్ని పంపిస్తుంది. హార్డ్‌డిస్కును అసలు ముట్టుకోదు. 940 మెగాబిట్లు చూపించిందంటే మీ కేబుల్, స్విచ్, లాన్ కార్డు అన్నీ నిర్దోషులు. వెళ్లేవైపూ వచ్చేవైపూ రెండూ కొలవండి. ఒకవైపు 940, ఇంకోవైపు 200 వచ్చిన సందర్భాలుంటాయి. అదీ ఒక ఆచూకీయే.

దారి బాగుందని తేలాక డిస్కు దగ్గరికి రావాలి. మామూలు హార్డ్‌డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120 సార్లు. కావలసిన చోటు తిరిగి వచ్చేదాకా సగటున నాలుగు మిల్లీసెకన్లు, ముల్లు అక్కడికి జరగడానికి మరో ఎనిమిది. ఈ లెక్కన సెకనుకి 80 చోట్లకు మించి వెళ్లలేదు. ఒక పెద్ద వీడియో ఫైలును వరసగా చదువుతుంటే 150, 200 మెగాబైట్లు సునాయాసంగా ఇచ్చే డిస్కే, ముగ్గురు ఎడిటర్లు మూడు ఫైళ్లు తెరిచి, ఇంకొకరు కాపీ పెట్టి, అదే సమయంలో నాస్ తన పాటికి తాను థంబ్‌నెయిల్స్ తయారుచేస్తుంటే ఊపిరాడక పడిపోతుంది. అటువంటప్పుడు థంబ్‌నెయిల్ తయారీని, బ్యాకప్‌ని, డిస్కు తనిఖీలని అర్ధరాత్రికి మార్చడం మొదటి పని. డిస్కు 80 శాతం దాటి నిండనివ్వకపోవడం రెండోది.

కాపీ మొదట్లో 110లో పరుగెత్తి కొన్ని నిమిషాల తర్వాత కూలిపోతే అది మరో కథ. మొదట వచ్చినదంతా నాస్ తన మెమరీలో పట్టుకుంటుంది, అది నిండాక డిస్కు అసలు వేగం బయటపడుతుంది. ఆ అసలు వేగం మరీ దిగువన ఉంటే డిస్కు రకం చూడాలి. ఎస్ఎంఆర్ అనే పద్ధతిలో తయారైన డిస్కుల్లో రాతగీతలు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటాయి. ఒక గీత మార్చాలంటే పక్కనున్నవాటినీ మళ్లీ రాయాలి. అంచేత ఆ డిస్కు వచ్చినదాన్ని ముందు ఒక పక్క పోగేసుకొని, తీరికైనప్పుడు సర్దుకుంటుంది. ఎడతెరిపి లేకుండా రాస్తుంటే దానికి తీరికే ఉండదు. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నాస్‌ల కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని మోడళ్లు ఈ పద్ధతివేనని బయటకు చెప్పింది. అప్పటిదాకా కొన్నవాళ్లకు తెలియదు. పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టి తిరిగి కూర్చే సమయంలో చాలామందికి అది తెలిసొచ్చింది. తర్వాత మామూలు పద్ధతి డిస్కులకు రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. డిస్కు కొనేముందు మోడల్ నంబరు వెతికి ఈ ఒక్క సంగతి తెలుసుకోవడం కొనేవాడి హక్కు.

పలు డిస్కులను జట్టుగా కట్టే రెయిడ్ విషయంలో కూడా ఆలోచించి అడుగు వేయాలి. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ రాసిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. అందులో అయిదో పద్ధతిలో చిన్న రాత రాయాలంటే పాత దత్తాంశం చదవాలి, పాత పారిటీ, అంటే పోయిన డిస్కును తిరిగి రాబట్టడానికి దాచే లెక్క, చదవాలి, రెండూ కొత్తవి రాయాలి. ఒక పనికి నాలుగు పనులు. చిన్న చిన్న ఫైళ్లతో పనిచేసే ఆఫీసుకి రెండు డిస్కుల్లోనూ ఒకే ప్రతిని ఉంచే మిర్రర్ పద్ధతే మేలని నా అభిప్రాయం.

చిన్న ఫైళ్లు అన్నాను గదా. పది గిగాబైట్ల వీడియో ఒకటి నిమిషంన్నరలో వెళ్తుంది. అదే పది గిగాబైట్లు లక్ష చిన్న ఫైళ్లుగా ఉంటే గంటలు పట్టొచ్చు. మార్కెట్‌యార్డు గేటు దగ్గర లారీ మొత్తానికి ఒకే చీటీ రాయడానికీ, బస్తా బస్తాకీ చీటీ రాయించుకోవడానికీ ఉన్న తేడా అది. ప్రతి ఫైలుకీ తెరువు, అనుమతి ఉందా, రాయి, తేదీ వేయి, మూసేయి అని కంప్యూటర్ అడగడం, నాస్ బదులివ్వడం జరగాలి. ఈ సంభాషణ భాష ఎస్ఎంబీ. 1980ల మొదట్లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టాడు. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ భాష మాట్లాడే ఉచిత సాఫ్ట్‌వేర్ సాంబాని విడుదల చేశాడు. ఇవాళ ఎన్నో నాస్ పెట్టెల లోపల నడుస్తున్నది అదే. చిన్న ఫైళ్లను ఒకేసారి పలు దారుల్లో పంపడానికి విండోస్‌లోనే రోబోకాపీ ఉంది. లేదా అన్నిటినీ కుదించకుండా ఒక జిప్‌లో కట్టి పంపండి. యాంటీవైరస్ ప్రతి ఫైలునూ ఆపి చూస్తుందా అన్నది కూడా గమనించాలి.

ఒక హెచ్చరిక. పాత స్కానర్ పనిచేయడం లేదనో, టీవీలో సినిమా రావడం లేదనో కొందరు పాత ఎస్ఎంబీ 1ని మళ్లీ ఆన్ చేయమంటారు. చేయకండి. అది వాగుడుకాయ, నెమ్మది కూడా. 2017 మేలో వాన్నాక్రై దాడి ఆ పాత భాషలోని లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాగే 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పులో ప్రతి మాటకూ డిజిటల్ సంతకం అడగడం చాలా ఎడిషన్లలో తప్పనిసరి చేశారు. పాత నాస్‌ల చిన్న ప్రాసెసర్లకు అది బరువే. కాపీ సమయంలో నాస్ ప్రాసెసర్ వాడకం నూటికి నూరు చూపిస్తే కారణం అదై ఉండవచ్చు. అటువంటప్పుడు పెట్టె మార్చడం న్యాయమైన ఖర్చు. సంతకం తీసేయడం మాత్రం నేను చెప్పను.

పిల్లలు అమెరికాలో ఉండి హైదరాబాదు ఇంట్లోని నాస్‌లో ఫొటోలు చూసుకునే కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అక్కడి డల్లాస్ హైదరాబాదు నుంచి 14 వేల కిలోమీటర్లకు పైనే. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అడిగి బదులు అందుకోవడానికి 140 మిల్లీసెకన్లు ఎటూ తప్పవు, కేబుళ్ల వంకర దారుల్లో 200 దాటుతుంది. ఫైలుకి అయిదు ప్రశ్నలు, వెయ్యి ఫైళ్లు, ప్రశ్నకు పావు సెకను వేసుకోండి. ఫైళ్ల బరువు లెక్కలోకి రాకుండానే ఇరవై నిమిషాలు. ఎంత ఖరీదైన కనెక్షన్ తీసుకున్నా ఆ ఇరవై తగ్గవు. దీనికి మందు కూడా ట్రిడ్జెల్ ఇచ్చిందే. పాల్ మకెరాస్‌తో కలిసి 1996లో ఆయన ఆర్‌సింక్ రాశాడు. ఫైలులో మారిన భాగాలనే అది పంపుతుంది, ప్రతి ఫైలుకీ ఆగి బదులు కోసం ఎదురుచూడదు. రాత్రిపూట అవతలి ఇంట్లోని డిస్కులోకి దానితో ఒక ప్రతి చేర్చిపెట్టండి. పొద్దున పిల్లలు తమ ఇంట్లోనే చూసుకుంటారు.

చివరిగా, నన్ను ఎప్పుడూ భయపెట్టే నెమ్మది గురించి. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ఉన్నట్టుండి ఆగి ఆగి నడుస్తోంది, కొన్ని ఫైళ్ల దగ్గరే ఇరుక్కుంటోంది, పెట్టెలోంచి టకటకమని చప్పుడు వస్తోంది అంటే వేగం సంగతి పక్కన పెట్టండి. డిస్కు చదవలేని చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తోంది. నాస్ అడ్మిన్ పేజీలో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి. 5వ అంశం, పాడైన చోట్లకు బదులు వేరే చోట్లు వాడిన లెక్క. 197వది, చదవలేక పెండింగులో ఉన్న చోట్ల లెక్క. ఈ రెండూ పెరుగుతుంటే డిస్కు వెళ్లిపోతోంది. 199వది ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మంచిదే కావచ్చు, దానికి తగిలించిన కేబుల్ చూడాలి.

డిస్కు వెళ్లిపోతున్నప్పుడు వేగం పరీక్షలు చేయకండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకండి, రీస్టార్ట్ చేసి చూడకండి. రెయిడ్ ఉంది గదా అని కొత్త డిస్కు గుచ్చి తిరిగి కూర్చడం మొదలుపెట్టకండి. ఆ కూర్పు మిగిలిన డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా చదివిస్తుంది, ఒకేసారి కొన్న డిస్కులు ఒకేసారి అలసిపోయి ఉండవచ్చు. అందరినీ ఫైళ్లు మూసేయమని చెప్పండి. మళ్లీ తీయలేని వీడియోలు, మళ్లీ రాయలేని లెక్కలు ముందు బయటి డిస్కులోకి తీయండి, సినిమాలు, పాటలు ఆఖరున. తీసినవాటిలో అక్కడక్కడ కొన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అవి తెరుచుకున్నాకే పాత డిస్కును బయటికి తీయండి.